చేలో దోమ, నీళ్లలో నలుసు, ఏట్లో చేప

(కోనసీమలో ఒక ఊరి గ్రంథాలయం ఆవరణలో, సార్వా నాట్లు అయ్యాక ఒక ఆదివారం సాయంత్రం జంతుశాస్త్రం లెక్చరర్ ఒకరు ఇచ్చిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే దించాం.)

అందరికీ నమస్కారమండీ. వెనక నిలబడ్డవాళ్లు కొంచెం ముందుకు రండి, ఎందుకంటే ఇవాళ నేను చూపించబోయేది ఆవగింజలో సగం కూడా ఉండదు, దూరం నుంచి చూస్తే వట్టి నీళ్ల సీసాలాగే ఉంటుంది.

పొద్దున్న ఇక్కడికి వస్తూ దారిలో ఒక చేను గట్టు మీద ఆగాను. నాట్లు వేసి మూడు వారాలు అయ్యుంటుంది. రైతుని అడిగి, ఇంటి నుంచి తెచ్చుకున్న పాత నూలు చీర ముక్కని నాలుగు మడతలు వేసి, పది చెంబుల చేను నీళ్లు దాని మీద పోసి వడగట్టాను. గుడ్డకి అంటుకున్నదాన్ని ఈ సీసాలోకి జాడించాను. అంతే, ఇంకేమీ కలపలేదు. ఆ ట్యూబులైటు ఒకసారి ఆపండి బాబూ. ఇప్పుడు ఫోను టార్చి సీసాకి ఈ పక్కన ఆనిస్తున్నాను. ఒక్క నిమిషం ఓపిక పట్టండి.

(లైటు ఆపారు.)

అదిగో, తెల్లటి నలుసులు వెలుగు వైపు పోగవుతున్నాయి చూశారా? దుమ్మయితే అడుక్కి దిగుతుంది గానీ ఇలా ఒక పక్కకి చేరదు. ఇవి ఈదుకుంటూ వస్తున్నాయి. ఆగి ఆగి గెంతుతున్నది కోపీపాడ్, పైకి ఎగబాకి మళ్లీ కిందికి జారుతూ తడబడుతున్నట్టు కదిలేది డాఫ్నియా. ఈ భూతద్దంతో చూస్తే ఆ గెంతేదానికి తల మధ్యన ఒకటే కన్ను, ఎర్రటి చుక్కలా కనిపిస్తుంది. తోకకి అటొకటి ఇటొకటి రెండు సంచులు వేలాడుతున్నాయంటే అది ఆడది, అవి గుడ్లు. కోపీపాడ్లలో ఈ రకాన్ని సైక్లాప్స్ అంటారు. పుస్తకాల్లో వీటన్నిటినీ కలిపి జంతు ప్లవకాలు అని రాస్తారు, చెరువుల వాళ్లు ప్లాంక్టన్ అంటారు, మా అమ్మ అయితే నీళ్లలో నలుసులు అనేది. మూడూ ఒకటే.

పెద్దవాళ్లకి నారికురుపు గుర్తుండే ఉంటుంది. కాల్లోంచి దారంలాంటి పురుగు రోజుకి కొంచెం కొంచెం బయటికి వస్తుంటే పుల్లకి చుట్టి లాగేవాళ్లు. ఆ పురుగు పిల్ల మనిషి కడుపులోకి చేరేది ఈ సైక్లాప్స్‌ని నీళ్లతో పాటు తాగేస్తేనే. నీళ్లు గుడ్డతో వడగట్టి తాగడం, దిగుడు బావులు మానేయడం, ఇలాంటివాటితోనే 2000లో మన దేశం నారికురుపు లేని దేశం అనిపించుకుంది. అంటే ఒక గుడ్డ మడత ఒక రోగాన్ని ఆపింది.

ఆ మడత సంగతి అక్కడితో అయిపోలేదు. కలరా క్రిమి నీళ్లలో ఒంటరిగా తిరగడం తక్కువ, ఈ కోపీపాడ్ల ఒంటి మీద అతుక్కుని గుంపులుగా ఉంటుంది. రీటా కాల్వెల్, అన్వర్ హక్ అనే శాస్త్రవేత్తలు, వాళ్ల తోటివాళ్లు దీని మీద ఏళ్ల తరబడి పనిచేసి, బంగ్లాదేశ్‌లో మత్లబ్ ప్రాంతంలో 65 పల్లెల ఆడవాళ్లతో కలిసి, పాత చీరని మడతలు వేసి బిందె మూతికి కట్టి నీళ్లు పట్టుకోవడం అలవాటు చేశారు. 2003లో ఫలితం ప్రకటించారు: చీరతో వడగట్టిన ఊళ్లలో కలరా 48 శాతం తగ్గింది. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత చీరే బాగా పనిచేసింది, ఎందుకంటే పోగులు విచ్చుకుని సందులు చిన్నవవుతాయి. మన ఏటిమొగల్లో కార్తీకంలో చీరలతో చీరమేను పడతారు కదా, ఆ చీరకే ఇంకో మడత వేస్తే చేప పిల్లే కాదు, ఆ చేప పిల్ల తినే మేత కూడా దొరుకుతుందన్నమాట.

సరే, లైటు వేసుకోండి. ఇంత చిన్నదాన్ని పట్టుకోవడం చేపకి మాత్రం తేలికనుకోకండి. చేప నోరు దగ్గరికి వస్తుంటే నీళ్లలో కలిగే ఆ చిన్న కదలికని కోపీపాడ్ ముందే పసిగట్టి గెంతుతుంది. ఆ గెంతు వేగం సెకనుకి దాని ఒంటి పొడవుకి కొన్ని వందల రెట్లు. మనిషి అలా గెంతితే లెక్కకి సెకనులో అర కిలోమీటరు పైన పోవాలి. అంత చేసినా చేప పిల్లలకి మొదటి మేత ఇదే. పెద్దయ్యాక సాటి చేపల్నే మింగే కొరమేను, పండుగప్ప కూడా పిల్లప్పుడు ఈ నలుసులు తినే బతుకుతాయి. బొచ్చెకైతే జీవితాంతం ఇదే తిండి. అందుకే చెరువులో చేప పిల్లని వదిలే ముందు పేడ, తవుడు వేసి నీళ్లకి రంగు వచ్చేదాకా ఆగుతారు. ఆ రంగు కోసం మీరు పడే టెన్షన్ నాకు తెలుసు. సముద్రంలోనూ అంతే. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ వాళ్లు ఉపగ్రహం నుంచి సముద్రపు పచ్చదనం, నీటి వేడి చూసి ఫలానా చోట చేప ఉండొచ్చని వేటకి వెళ్లేవాళ్లకి చెప్తారు. ఆ పచ్చదనం వృక్ష ప్లవకాలది, అంటే నీళ్లలో తేలే నాచు నలుసులది, వాటిని తినేవి ఈ జంతు ప్లవకాలు, చేప దాని వెనకే ఉంటుంది.

ఇక పులస. గోదావరికి ఎర్రనీరు వచ్చింది కాబట్టి ఆ పేరు ఎత్తకుండా ఉండలేను. సముద్రంలో వలస, ఏట్లోకి ఎదురీదితే పులస. అది గాలం ఎరకి రావడం అరుదు, దాని మొప్పల దగ్గర సన్నటి దువ్వెన పళ్లలాంటివి వందల కొద్దీ ఉంటాయి, నోట్లోకి పోయిన నీళ్లు అందులోంచి బయటికి పోతూ నలుసులు లోపల ఆగుతాయి. పొద్దున్న నేను చీరతో చేసిన పని అది పుట్టినప్పటి నుంచీ చేస్తుంది. ఏట్లో పొదిగిన పిల్లలు సముద్రానికి పోయే ముందు కొన్ని నెలలు ఈ ఏట్లోనే, మొగల్లోనే ప్లవకాలు తిని పెరుగుతాయి. ఏటి నీళ్లలో నలుసులు ఉండాలి, అదీ సంగతి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. చేపల చెరువు వాళ్లు, రొయ్యల వాళ్లు, వరి రైతులు ముగ్గురూ ఇక్కడే ఉన్నారు కాబట్టి జాగ్రత్తగా వినండి.

రొయ్యకీ, వరిని పీల్చే దోమకీ చుట్టరికం ఉందంటే నమ్ముతారా? మేము చదువుకునేటప్పుడు పురుగులు ఒక శాఖ, రొయ్యలూ పీతలూ ఇంకో శాఖ అని చెప్పారు. 2010లో అమెరికా శాస్త్రవేత్తలు డజన్ల కొద్దీ జాతుల జన్యువులు పోల్చి చూశాక, 2014లో ఇంకా పెద్ద ఎత్తున లెక్కలు కట్టాక తేలింది ఏమిటంటే, రెక్కల పురుగులన్నీ ఆ రొయ్య, పీత, కోపీపాడ్ వంశంలోంచే చీలి నేల మీదికి వచ్చినవి. ఒక తాత మనవళ్లు, దాయాదులు. ఇది వినడానికి కులాసాగా ఉంటుంది గానీ ఇందులో ప్రమాదం ఉంది. దోమ నరాలని పట్టుకుని చంపడానికి తయారుచేసిన మందు, నీళ్లలో పడితే, దాని దాయాది నరాలని ఎందుకు వదిలేస్తుంది?

జపాన్‌లో షింజి అని ఒక సరస్సు ఉంది. షిమానే రాష్ట్రంలో, సముద్రానికి దగ్గర, కొంచెం ఉప్పటి నీళ్లు, హీ అనే ఏరు వచ్చి కలుస్తుంది, ఆ ఏటికి రెండు పక్కలా వరి చేలు. మన మురుగు కాలువలు మొగల దగ్గర కలిసే చోటులాగే ఊహించుకోండి. ఆ సరస్సులో వకసాగి అనే చిన్న చేప ఏడాదికి 240 టన్నులు పడేది. 1993లో అక్కడి వరి చేలల్లో ఇమిడాక్లోప్రిడ్ వాడకం మొదలైంది. మీలో చాలామంది దోమకి కొట్టిన మందే. ఆ తర్వాత వకసాగి 22 టన్నులకి పడిపోయింది.

చేపలు విషం తిని చచ్చి తేలాయా అంటే, లేదు. ఈ రకం మందులు పురుగు నరాలకి పట్టినంత గట్టిగా చేప నరాలకి పట్టవు, మార్కెట్లోకి వచ్చేటప్పుడు చెప్పే గొప్ప కూడా అదే. చచ్చింది చేప కాదు, చేప మేత. 2019లో మసుమి యమమురో, ఆమె తోటివాళ్లు సైన్స్ పత్రికలో వేసిన లెక్క ప్రకారం, వసంతకాలంలో ఆ సరస్సులో ఉండే జంతు ప్లవకాల బరువు 83 శాతం తగ్గింది. అడుగు బురదలో ఉండే ఎర్రటి దారప్పోగుల్లాంటి పురుగులు, అవి పెద్దయితే కుట్టని దోమలవుతాయి, అవి కూడా పోయాయి. నీళ్లలో ఉప్పు, ఆక్సిజన్, పచ్చదనం, ఇవన్నీ మారి ఉంటే వాటి మీదికి నెట్టొచ్చు, వాళ్లు వాటిని కూడా చూశారు, చేప పడిపోవడానికి తగ్గ మార్పు వాటిలో లేదు. ఇంకో ఆధారం నాకు అన్నిటికన్నా బలంగా అనిపిస్తుంది. అదే సరస్సులో షిరావో అనే ఇంకో చేప ఉంది, అది జంతు ప్లవకాలతో పాటు నాచు నలుసులు కూడా తినగలదు. దాని దిగుబడి అలా కూలిపోలేదు. ఒకే నీళ్లు, ఒకే వలలు, తిండి తేడా ఉన్న చేప బతికింది.

దీన్ని ప్రయోగశాలలో నిరూపించినట్టు చెప్పను, ఏళ్ల తరబడి లెక్కలు పక్కపక్కన పెట్టి చూసిన పని ఇది. కానీ ఇంత ఓపిగ్గా పేర్చిన లెక్కని కాదనడానికి నాకైతే మనసు రాదు. ఇంకో మాట. విత్తనానికి పట్టించిన ఈ మందులో మొక్కలోకి ఎక్కేది 20 శాతం దాటదని కొలిచారు. మిగతాది మట్టిలో, నీళ్లలో. నీళ్లలో తేలిగ్గా కరుగుతుంది. చేను గండి కొడితే బోదెలోకి, బోదె నుంచి మురుగు కాలువలోకి, అక్కడి నుంచి ఎవరి రొయ్యల చెరువుకి పంపు పెట్టారో అందులోకి. 2018లో యూరప్ దేశాలు ఈ రకంలో మూడు మందుల్ని ఆరుబయట వాడకూడదని ఆపేశాయి, అది తేనెటీగల కోసం. 

(ముందు వరుసలోంచి ఒక మహిళా రైతు: "మరి మందు కొట్టకపోతే దోమపోటుకి చేను మాడిపోద్ది కదండీ. కౌలు ఎక్కడి నుంచి తెచ్చి కట్టాలి?")

మంచి ప్రశ్న అడిగారమ్మా, దీనికి సమాధానం చెప్పకుండా నేను ఇంటికి వెళ్తే ఇప్పటిదాకా చెప్పిందంతా దండగే. సుడిదోమ పోటు తగిలిన చేను నేనూ చూశాను, నిన్న పచ్చగా ఉన్నది వారం తిరిగేసరికి గుండ్రంగా సుడులు సుడులుగా ఎండుగడ్డి అయిపోతుంది. ఆ ఏడుపు నాకు తెలుసు. నేను కొట్టొద్దు అనడం లేదు, ఎప్పుడు కొడుతున్నామో చూడమంటున్నాను.

ఇండోనేషియాలో 1970ల చివర, 80లలో ఇదే దోమ పంటలు తినేసింది. కొట్టేకొద్దీ పెరిగింది. ఎందుకంటే ఆ దోమ గుడ్లు ఆకు తొడుగు లోపల పెడుతుంది, అక్కడికి మందు అందదు. పైన తిరిగే సాలీళ్లు, గుడ్లు పీల్చేసే పచ్చ నల్లి మాత్రం చచ్చిపోతాయి. వారంలో గుడ్లు పొదుగుతాయి, అడ్డుకునేవాడు లేడు. 1986లో అక్కడి ప్రభుత్వం వరికి వాడే 57 రకాల మందుల్ని నిషేధించింది. తర్వాత విలియం సెటిల్, ఆయన తోటివాళ్లు జావా చేలల్లో కూర్చుని, అసలు నాటిన మొదటి నెలలో దోమే లేనప్పుడు సాలీళ్లు ఏం తిని బతుకుతున్నాయి అని చూశారు. 1996లో రాసిన జవాబు ఇదిగో, ఈ సీసాలో ఉంది. చేను నీళ్లలో కుళ్లిన ఆకు, దాని మీద నలుసులు, వాటిని తిని పెరిగే కుట్టని దోమల పురుగులు. అవి రెక్కలొచ్చి వేల కొద్దీ నీళ్లలోంచి లేస్తాయి, సాలీళ్లు వాటిని తిని బలుస్తాయి, పిల్లల్ని పెడతాయి. సుడిదోమ వచ్చే వేళకి కాపలా సిద్ధంగా ఉంటుంది. మనమేమో నాటిన పదిహేను ఇరవై రోజులకే, ఏ పురుగూ లేకపోయినా, పక్క చేను వాళ్లు చల్లారని గుళికలు చల్లుతాం. అప్పుడు మొదట పోయేది ఆ కాపలావాళ్ల తిండి.

కాబట్టి అమ్మా, మొదటి 40 రోజులు పురుగుమందు జోలికి పోకండి, అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు కూడా చెప్పే మాటే ఇది. నాటేటప్పుడే రెండు మీటర్లకొకసారి 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరగా తీయండి, మొదళ్లకి గాలీ వెలుతురూ తగిలితే సుడిదోమకి సుఖం ఉండదు. వారానికోసారి దుబ్బు విడదీసి మొదట్లో చూడండి, తట్టి నీళ్లలో పడ్డవాటిని లెక్కపెట్టండి, సాలీళ్లని కూడా లెక్కపెట్టండి. కొట్టక తప్పదు అన్నప్పుడు కొట్టండి, కానీ కొట్టిన రోజుల్లో గండి కొట్టి ఆ నీళ్లు కాలువలోకి వదలకండి. ఇంకోటి, ఇమిడాక్లోప్రిడ్‌కి సుడిదోమ 2003 తర్వాత ఆసియాలో చాలా చోట్ల అలవాటుపడిపోయింది. దానికి పనిచేయని మందు కోపీపాడ్‌కి మాత్రం పనిచేస్తుంది. ఆ డబ్బు మనదే కదా.

ఇంకో సీసా చూపించాలి. ఇందులో ఒకటే ప్రాణి, మట్టిరంగులో, చూడ్డానికి ఏమీ బాగుండదు. ఇది తూనీగ పిల్ల. ముఖం కింద మడిచిపెట్టుకున్న పెదవి ఉందే, అది చెయ్యిలా ముందుకు చాచి దోమ పిల్లని పట్టి లాక్కుంటుంది. భయపెడితే వెనక నుంచి నీళ్లు చిమ్మి దూసుకుపోతుంది. చేల మీద సాయంత్రం గుంపులుగా తేలే పసుపు తూనీగ మనందరికీ తెలిసిందే, పిల్లప్పుడు తోకకి దారం కట్టి ఎగరేసినవాళ్లమే. చార్లెస్ ఆండర్సన్ అని మాల్దీవుల్లో ఉన్న సముద్ర జీవశాస్త్రవేత్త, నది అనేదే లేని ఆ దీవులకి ఏటా అక్టోబరులో లక్షల తూనీగలు ఎక్కడి నుంచి వస్తున్నాయా అని ఏళ్ల తరబడి తేదీలు రాసుకుని, 2009లో చెప్పాడు: ఇవి మన దేశం మీంచి ఈశాన్య రుతుపవనపు గాలి పట్టుకుని, సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా వరకు పోతున్నాయి. అక్కడి వానగుంటల్లో గుడ్లు పెడితే, వాటి సంతానం నైరుతి గాలితో తిరిగి వస్తుంది. మొత్తం తిరుగుడు 14,000 నుంచి 18,000 కిలోమీటర్లు, నాలుగు తరాలు కలిసి పూర్తిచేసే ప్రయాణం. అందులో ఒక తరం పెరిగేది ఇలాంటి వరి చేలల్లో, వానగుంటల్లోనే.

తూనీగ ఉంటే అన్నీ బాగుంటాయని కూడా అనను. ఫ్లోరిడాలో టిఫనీ నైట్, ఆమె జట్టు చేపలున్న చెరువుల్నీ చేపల్లేని చెరువుల్నీ పోల్చి 2005లో ఏం చెప్పారంటే, చేపలు తూనీగ పిల్లల్ని తినేస్తాయి కాబట్టి ఆ గట్ల మీద తూనీగలు తక్కువ, తూనీగలు తక్కువ కాబట్టి తేనెటీగలు, సీతాకోకలు ఎక్కువ, దాంతో గట్టు మీద పూల మొక్కలకి ఈగలు బాగా వాలి పరాగం బాగా అందింది. నీళ్లలో చేప, ఒడ్డున పువ్వు, మధ్యలో తూనీగ. మన దగ్గర వరి చేలని తవ్వి చెరువులు చేసినప్పుడు గట్టు మీద కొబ్బరికి, పక్క చేను దోమకి ఏం జరుగుతుందో మనమే ఇలా కూర్చుని కొలవాలి.

(ఒక డిగ్రీ విద్యార్థి: "గోదావరిలో పులస తగ్గిపోవడానికి కూడా ఈ మందులే కారణమా సార్?")

అలా తొందరపడొద్దు బాబూ. పులసకి కష్టాలు చాలా ఉన్నాయి. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాక పైకి పోయే దారి మూసుకుపోయింది. వలల కన్ను చిన్నదైపోయింది, గుడ్లతో వచ్చే తల్లినే పడతాం, మొగల్లో ఇసుక మేటలు. షింజి సరస్సు లెక్క తెచ్చి గోదావరికి అతికిస్తే అది శాస్త్రం కాదు. అడగాల్సిన పద్ధతులు ఉన్నాయి. పులస చెవి దగ్గర ఒక చిన్న రాయి ఉంటుంది, చెట్టు మాను వలయాల్లా అందులో పొరలు పడతాయి. సముద్రపు నీళ్లలో స్ట్రాన్షియం ఎక్కువ, ఏటి నీళ్లలో తక్కువ. పొర పొరకీ ఆ పాళ్లు కొలిస్తే ఆ చేప ఏ వయసులో ఉప్పు నీళ్లలో ఉంది, ఎప్పుడు ఏట్లోకి వచ్చింది అన్నది చదవొచ్చు. బంగ్లాదేశ్ చేపలకి ఇలా చదివారు కూడా.

కానీ మీరు రేపే మొదలుపెట్టగల పని వేరే ఉంది. షింజిలో ఆ నిజం బయటపడింది ఎవరో గొప్ప యంత్రం తెచ్చినందుకు కాదు, మందు రాకముందు నుంచీ అక్కడ ఎవరో ప్లవకాల లెక్క నెల నెలా రాసిపెట్టినందుకు. 1993కి ముందు ఎంత ఉందో తెలియకపోతే 83 శాతం తగ్గిందని ఎవరు చెప్పగలరు? మీ కాలేజీ వెనక బోదె ఉంది, ఇక్కడ మురుగు కాలువ ఉంది, అటు వైనతేయ ఉంది. నెలకొకసారి, అదే తేదీన, అదే చోట, అవే పది చెంబులు, ఇదే చీర మడత. కోపీపాడ్లు ఎన్ని, డాఫ్నియాలు ఎన్ని, గుడ్ల సంచులున్నవి ఎన్ని అని ఒక నోటుబుక్కులో రాయండి. లాకులు ఎత్తిన నెల, చేలకి మందు కొట్టిన వారం, దాళ్వాకి నీళ్లు వదిలిన రోజు, అవి కూడా పక్కన రాయండి.

మొదటి పేజీకి ఈ సీసా సరిపోతుంది. భూతద్దం ఒకటే ఉంది కాబట్టి చిన్నపిల్లలు ముందు రండి, సీసాని కుదపకండి, టార్చి ఇటు పక్క నుంచే వేయండి. లెక్కపెట్టేవాళ్లు ఇద్దరు నా పక్కన కూర్చోండి. అందరూ చూశాక ఈ నీళ్లు తెచ్చిన చేలోనే పోసి వెళ్తాను, ఆ రైతుకి మాటిచ్చాను.